లినెట్ చిరునామా

గేనర్ ప్రాక్టర్ కిటికీ తెర పక్కకి లాగేసరికి వీధిలో తన కారు ముందు చక్రం దగ్గర ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నాడు. టైరులో గాలి పోయిందేమో, ఎవరో పుణ్యాత్ముడు చూస్తున్నాడనుకుంది. అతను మోకాళ్ళు దులుపుకుని లేచాక గానీ చక్రాన్ని కరిచి పట్టుకున్న పసుపుపచ్చ ఇనప క్లాంప్ ఆమె కంట పడలేదు. చేతిలో టీ కప్పుతో, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతోనే తడిసిన రోడ్డు మీదికి పరుగెత్తింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్? అది నా కారు!"

"గుడ్ మార్నింగ్ మేడమ్," అన్నాడతను. నలభై ఏళ్ళుంటాయి. నున్నగా గీసుకున్న గడ్డం, నల్ల కోటు, గుండె మీద చిన్న కెమెరా. నోట్లో పిప్పరమెంటు బిళ్ళ అటూ ఇటూ తిరుగుతోంది. "మిస్ లినెట్ బార్‌ట్రమ్ మీరేనా?"

ఆ పేరు చెవిన పడగానే గేనర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. టాన్యార్డ్ వీధిలో పదిహేడో నంబరు ఇంటికి అద్దెకొచ్చి ఏడాది దాటింది. వచ్చిన మొదటి వారం నుంచీ ఆ పేరు మీద ఉత్తరాలు గుమ్మంలో పడుతూనే ఉన్నాయి. మొదట్లో తెల్ల కవర్లు, తర్వాత గోధుమ రంగువి, ఆ తర్వాత పైన ఎర్రక్షరాలు అచ్చొత్తినవి. ప్రతిదాని మీదా 'ఈ మనిషి ఇక్కడ లేదు' అని పెద్ద అక్షరాలతో రాసి వీధి మలుపులో పోస్టు డబ్బాలో వేసేది. వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చేవి. రెండుసార్లు ఫోనూ చేసింది. అవతలి పిల్ల తీయగా పలికి, "భద్రత కోసం మిస్ బార్‌ట్రమ్ పుట్టినరోజు చెప్పండి" అంది. నాకేం తెలుసునంటే, "అయితే ఆవిడ వివరాలు మీతో మాట్లాడలేమండీ" అని పెట్టేసింది.

"నేను కాదు. ఆవిడ ఎవరో నాకు తెలీదు. ఎప్పుడో ఖాళీ చేసి పోయింది. మీ ఆఫీసుకి ఎన్నిసార్లు చెప్పానో మీ కాగితాల్లో చూసుకోండి."

"అందరూ అలాగే అంటారు మేడమ్. అనని ఇల్లు నాకింకా తగల్లేదు," అన్నాడు అతను, నొప్పించకుండానే. తన పేరు నట్టాల్ అని చెప్పి మెడలో కార్డు చూపించాడు. కౌన్సిల్‌కి ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు కట్టాల్సిన ఇంటి పన్ను బాకీ. కోర్టు నుంచి జప్తుకి అనుమతి వచ్చింది. ఆ జప్తులు చెయ్యడమే అతని కంపెనీ పని.

గేనర్ లోపలికెళ్ళి డ్రైవింగు లైసెన్సు తెచ్చింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు.

"మీరు గేనర్ ప్రాక్టరే, ఒప్పుకుంటాను. కారు మాత్రం సి. ప్రాక్టర్ పేరు మీద ఉంది. ఆయనెవరు?"

"క్లైవ్. నా మాజీ మొగుడు. విడిపోయినప్పుడు కారు నాకిచ్చాడు. పేరు మార్పించుకోవాలనే అనుకుంటున్నాను, ఇంతలో..."

"ఆయన ఇప్పుడు లినెట్ బార్‌ట్రమ్‌తో కలిసి ఉండట్లేదని రుజువేంటి?"

అంత కోపంలోనూ గేనర్‌కి నవ్వొచ్చినంత పనయింది. "క్లైవ్‌తో కలిసుండే ఓపిక ఈ దేశంలో ఇంకెవరికుంది?"

నట్టాల్ కూడా పెదవి చివర నవ్వాడు. ఆ నవ్వు చూసి కాస్త ఆశ పుట్టింది ఆమెకి. కానీ అతను చెప్పిందే మళ్ళీ చెప్పాడు. కారు కొన్న బిల్లు, అది ఆమెకిచ్చేసినట్టు క్లైవ్ చేతిరాతా ఆఫీసుకి పంపాలి. వాళ్ళు చూసి తేలుస్తారు. ఎప్పటికి తేలుస్తారో తను చెప్పలేడు. శుక్రవారం పొద్దున లారీ వచ్చి కారుని ఎత్తుకుపోతుంది.

"లేదా," అని గొంతు తగ్గించాడు, మేలు చేస్తున్నవాడిలా. "ఆవిడ ఎక్కడుందో చెప్పండి. ఒక్క చిరునామా చాలు. ఆ నిమిషాన ఈ ఇంటితో నాకు పని తీరిపోతుంది."

"తెలిస్తే నేనే మెడపట్టి లాక్కొచ్చి మీకప్పగించేదాన్ని!" అంది గేనర్.

అతను వెళ్ళాక కారు డిక్కీ తెరిచింది. తల మీద దించే పెద్ద డ్రైయరు, రోలర్ల పెట్టె, తువ్వాళ్ళ కట్ట, సీసాలు. ముసలివాళ్ళ ఇళ్ళకీ ఆశ్రమాలకీ వెళ్ళి జుట్టు దిద్దడం ఆమె పని. ఆ డిక్కీయే ఆమె దుకాణం. మంగళవారాలు ఊరవతల గుట్ట మీది వృద్ధాశ్రమం వంతు. డ్రైయరు మొయ్యలేక అక్కడే వదిలేసి, మిగిలినవి చక్రాల సంచిలో కుక్కుకుని, రెండు బస్సులు మారి వెళ్ళేసరికి ముసలమ్మలు భుజాల మీద తువ్వాళ్ళు కప్పుకుని కుర్చీల్లో బుద్ధిగా ఎదురుచూస్తున్నారు. చేత్తో పట్టుకునే చిన్న డ్రైయరుతో ఒక్కొక్క తలా ఆరబెట్టడానికి యుగాలు పట్టింది. సగం మందికి కాకుండానే వాళ్ళ భోజనాల గంట మోగింది. జుట్టు తడిపించుకుని కూర్చున్న ఒకావిడ, తన కొడుకు చూడటానికొస్తున్నాడనీ, ఈ తలతో ఎలా కనబడాలనీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మేనేజరు డోనా వరండాలో అడ్డంపడింది. "వచ్చే మంగళవారం కారుందా గేనర్? ఉంటేనే రా. ఏమీ అనుకోకు. వ్యానేసుకుని తిరిగే పిల్ల ఒకతి వచ్చి అడిగి వెళ్ళింది. ఇంతకాలం నీ మొహం చూసి వద్దన్నాను."

బస్‌స్టాపులో నిలబడి క్లైవ్‌కి ఫోన్ చేసింది. అటువైపు టీవీలో ఫుట్‌బాల్ గోల.

"బిల్లా? ఎక్కడో ఉండాలి. చూస్తాలే."

"చూస్తాలే కాదు క్లైవ్. ఈ రోజే. వాళ్ళ ఆఫీసు చిరునామా మెసేజ్ పెట్టాను, నేరుగా పంపెయ్."

"అబ్బ, చూస్తానన్నానుగా!"

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ 'చూస్తాలే' ఎన్నిసార్లు విందో గేనర్. కారిన పంపు, విరిగిన కంచె, కట్టని బీమా, అన్నీ ఆ ఒక్క మాట కిందే సమాధి అయ్యాయి. ఫోను సంచిలో పడేసింది.

*

పక్కింటి ఐవీ సగ్డెన్‌కి ఎనభై రెండేళ్ళు. ఆ వరసలో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కనక ఆవిడ దగ్గు గేనర్‌కీ, గేనర్ కెటిలు చప్పుడు ఆవిడకీ వినపడుతుంది. గేనర్ సామాను దించుకున్న రోజున ఆవిడే గిన్నె నిండా బంగాళాదుంపల కూర పట్టుకొచ్చి, "తిని పడుకో పిల్లా, సర్దడం రేపు చూసుకోవచ్చు" అంది. అప్పట్నించీ ప్రతి శనివారం ఆవిడ తన ఇంటికొస్తే గేనర్ తల దిద్దుతుంది, పైసా తీసుకోకుండా. లినెట్ గురించి ఎప్పుడడిగినా ఆవిడ ఒకటే మాట: "మంచి పిల్ల. దాని రాత బాలేదు." అంతకుమించి నోరు విప్పేది కాదు.

బుధవారం మధ్యాహ్నం గేనర్ పెట్టె పట్టుకుని ఆవిడ తలుపు తట్టింది.

"ఇవాళ శనివారమా?" ఐవీ కంగారుపడింది.

"కాదు ఆంటీ. ఎలాగూ ఇంట్లో కూర్చున్నాను. మీ జుట్టు ఉంగరాలు తిప్పి పర్మ్ చేసి చాలా రోజులైందని వచ్చాను."

"ఆ పచ్చ పీడ నీ బండికి తగిలించడం చూశాను. కిటికీలోంచి వాడికి నాలుక కూడా బయటపెట్టి చూపించాను, చూశాడో లేదో!"

వంటింటి సింకు ముందు కుర్చీ వేసి, ఆవిడ మెడ కింద తువ్వాలు మడత పెట్టి, వేడినీళ్ళూ చన్నీళ్ళూ జగ్గులో కలిపి మణికట్టు మీద పోసుకుని చూసుకుంది గేనర్. నీళ్ళు నెత్తిన పడగానే ఐవీ కళ్ళు మూసుకుంది. పసిపిల్ల తలలా పలచటి జుట్టు, దాని కింద గులాబి రంగు చర్మం. వేళ్ళ చివర్లతో చెవుల వెనకా, మెడ గుంటలోనూ నెమ్మదిగా రుద్దింది. ఈ పనిలో జీవితం గడిపినదానికి ఒక సంగతి తెలుసు. ఒక దశ దాటాక ఎదుటి మనిషి తల చేతుల్లో బరువెక్కుతుంది. అప్పుడు నోరు దానంతటదే వదులవుతుంది. మొగుళ్ళ సంగతులూ, కోడళ్ళ సంగతులూ, చచ్చిపోయిన పిల్లల సంగతులూ ఆమె అడక్కుండానే సింకు మీదుగా ఎన్నో విన్నది. విని నీళ్ళతోపాటు వదిలేసింది. ఎవరి నోరైనా తెరిపించడానికి ఈ వేళ్ళని వాడుకోవడం మాత్రం ఎన్నడూ లేదు.

ఐవీ తల బరువెక్కింది.

జుట్టు తుడిచి దువ్వి, పాయలు తీసి, పాయ చివర పల్చటి కాగితం మడిచి, సన్న కడ్డీకి చుట్టి బిగించడం మొదలుపెట్టింది. మందు ఘాటు వంటిల్లంతా అలుముకుంది.

"ఈ చలికి నా చేతులు పగిలిపోతున్నాయి ఆంటీ. రోజంతా నీళ్ళేగా."

"వెన్నపూస రాసుకో."

"లినెట్‌కీ చేతులు పగిలేవా? వంటింటి అలమరలో చేతులకి రాసుకునే మందు డబ్బా ఒకటి వదిలేసి వెళ్ళింది." అది అబద్ధం. అలమరలో ఏమీ లేదు.

"దానికా! ఇప్పుడు మరీ ఘోరం. పొద్దస్తమానం ఆ రాష్‌లీ మార్కెట్లో ఎంగిలి కప్పులు కడగడమేగా..." అని ఐవీ ఆగింది.

గేనర్ వేళ్ళు ఆగలేదు. ఇంకో పాయ తీసింది, కాగితం మడిచింది, చుట్టింది.

"నేనన్నానని ఎవరితోనూ అనకు పిల్లా," అంది ఐవీ కాసేపటికి, కళ్ళు తెరవకుండానే.

"ఎవరితో అంటాను ఆంటీ?"

"నువ్వనవు. నాకు తెలుసు."

మందు కడిగి, కడ్డీలు విప్పి, అద్దం చేతికిచ్చినప్పుడు ఐవీ తన తల అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయింది. "రాణీగారు కూడా నా ముందు దిగదుడుపే!" అంటూ గేనర్ చేతిని చెంపకి ఆనించుకుంది. గేనర్ తువ్వాళ్ళు మూటగట్టుకుని ఇంటికొచ్చి, అవి వాషింగ్ మెషీన్‌లో వేసి, బస్సు టైములు చూసుకుంది.

*

రాష్‌లీ అనే పక్క ఊళ్ళో మార్కెట్టు పాత ఇనప కప్పు కింద ఉంటుంది. చేపల కొట్లు దాటి, ఊలు అమ్మే ఆవిణ్ణి దాటి, చివర మూలన ఒక టీ కొట్టు. ఆరు బల్లలు. అద్దాలకి ఆవిరి. గురువారం దారి పొడుగునా బస్సులో గేనర్ మాటలు కూర్చుకుంటూనే వచ్చింది: 'నీ అప్పులు నువ్వు కట్టుకోకుండా ఊరి మీద వదిలేసి పోతావా? నీవల్ల నా నోటి దగ్గర కూడు పోతోంది తెలుసా?' కుర్చీలో కూర్చునేసరికి అవన్నీ నోట్లో తయారుగా ఉన్నాయి.

"ఏం తెమ్మంటారమ్మా?" బల్ల తుడుస్తూ అడిగిందో సన్నపాటి మనిషి. నలభై దాటి ఉంటాయి. జుట్టు తనే ఎప్పుడో కత్తిరించుకున్నట్టు మెడ మీద ఎగుడుదిగుడుగా ఉంది. వేలి కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రటి గీతలు.

"లినెట్ బార్‌ట్రమ్ అంటే నువ్వేనా?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె తలెత్తి ముందు తలుపు వైపు చూసింది, తర్వాత గేనర్ వైపు.

"నేను పదిహేడో నంబరులో ఉంటున్నాను. టాన్యార్డ్ వీధి."

"ఓ," అంది లినెట్. భుజాలు కిందికి దిగాయి. కౌంటరు వెనక ఉన్నాయన వైపు తిరిగి, "ఆల్ఫ్, ఐదు నిమిషాలు," అని చెప్పి ఎదురు కుర్చీలో అంచు మీద కూర్చుంది. "వెనకగదిలో చెమ్మ ఇంకా దిగుతోందా? మంచం ఆ గోడకి వెయ్యకండి. పరుపు బూజు పట్టిపోతుంది."

గేనర్ కూర్చుకున్న మాటలు కొంచెం చెదిరాయి. అయినా క్లాంప్ సంగతీ, శుక్రవారం లారీ సంగతీ, మంగళవారాల సంగతీ అన్నీ కక్కేసింది. లినెట్ అడ్డం రాకుండా విన్నది. వింటూ ఏప్రాన్ అంచుతో చేతుల్ని అద్దుకుంటూ కూర్చుంది.

"నేను ఏప్రిల్లో ఈస్టర్‌కే ఇల్లు ఖాళీ చేశాను," అంది చివరికి. "మీరెప్పుడు దిగారు?"

"సెప్టెంబరులో. జూలైలో చూశాను ఇంటిని."

"అప్పుడు ఎలా ఉంది?"

గేనర్‌కి గుర్తొచ్చింది. కిటికీ గట్టు నిండా చచ్చిన ఈగలు. గుమ్మంలో తలుపు తెరుచుకోనంతగా పేరుకున్న ప్రకటన కాగితాలు. "ఖాళీగా ఉంది."

"ఆ ఖాళీ నెలల పన్నే ఇది. ఇల్లు ఖాళీగా ఉంటే ఇంటాయన కట్టాలి. మిస్టర్ కాథ్రా ఏం చేశాడో తెలుసా? మీరు దిగేదాకా నేను అందులోనే ఉన్నానని కౌన్సిల్‌కి రాసిచ్చాడు. నేను లేనంటే రుజువు చూపించమన్నారు. లేని చోట లేనని రుజువెక్కణ్ణించి తెస్తానండీ? నాలుగుసార్లు వెళ్ళాను. ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ మొదట్నించీ. ఆఖరికి విసుగొచ్చి వదిలేశాను. అది నాలుగింతలైంది." ఆమె తల వంచుకుని నవ్వింది. "ఖాళీ ఇల్లే చూశానని మీరొక్క ముక్క రాసిస్తే..." అని, వెంటనే చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దులెండి. మీరు ఆ ఇంట్లోనే బతకాలిగా. రేపు బయటికి పొమ్మంటాడు."

 ప్రతి నెలా ఒకటో తారీఖున గుమ్మంలో నిలబడి, "ఎలా ఉన్నారు మిసెస్ ప్రాక్టర్? అంతా హాయేనా?" అని పలకరించే కాథ్రా మొహం గేనర్ కళ్ళముందు ఆడింది. అతన్ని కాదని ఒక ముక్క రాసివ్వడం సంగతి ఆ తర్వాత లినెట్ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

"ఇప్పుడెక్కడుంటున్నావ్?" అంది. ఊరికే అడిగినట్టే అడిగింది.

"షెర్లీ దగ్గర. మా అక్క. బావ టెర్రీ రానిస్తూనే ఒక షరతు పెట్టాడు. 'నీ ఉత్తరాలు గానీ, నీకోసం మనుషులు గానీ ఈ గుమ్మం తొక్కితే ఆ రోజే నీ సంచి బయట' అని. తప్పనను. రాత్రంతా టాక్సీ తోలి పొద్దున్నే వచ్చి పడుకుంటాడు. బండి అప్పులోనే ఉంది. దానికే గనక ఈ క్లాంప్ తగిలించారంటే..." ఆల్ఫ్ టీ తెచ్చి పెట్టాడు. లినెట్ చక్కెర డబ్బా ముందుకి జరిపింది. "ఇక్కణ్ణించి వాళ్ళ చాపెల్ రో వీధి దాకా ఆ మిట్ట రోజూ నడిచే ఎక్కుతాను. బస్సు డబ్బులన్నా షెర్లీకివ్వొచ్చని."

గేనర్ టీలో చక్కెర వేసుకుని కలిపింది. తర్వాత లినెట్ బల్ల మీదకి వంగింది.

"రేపు పొద్దున లారీ నిజంగా వస్తే ఇక్కడికి ఫోన్ చెయ్యండి. ఆల్ఫ్ నంబరిస్తాడు. నేనే వచ్చి నిలబడతాను. ఇదిగో లినెట్‌ని నేను, ఈవిడ కారు వదిలెయ్యండి అంటాను. వీధిలో నన్ను చేసేదేముంది? నా ఒంటి మీద ఈ ఏప్రాన్ తప్ప ఏముంది తీసుకుపోడానికి? అక్క వాళ్ళ ఇంటికి మాత్రం రానివ్వకండి. అదొక్కటే."

"నేను చెప్పను," అంది గేనర్. ఆ క్షణాన ఆ మాట ఆమె మనసులోంచే వచ్చింది.

టీకి డబ్బులివ్వబోతే లినెట్ పర్సు మూసేసి చేతిలో పెట్టింది. "అంత దూరం వచ్చారు. ఉంచుకోండి."

*

శుక్రవారం వెలుతురు వచ్చేసరికి గేనర్ బట్టలు వేసుకుని కిటికీ దగ్గరే ఉంది. ఆల్ఫ్ కొట్టు నంబరు ఫోనులో ఉంది. లారీ మలుపు తిరగ్గానే చెయ్యాలనుకుంది. తర్వాత ఇంకోటి అనుకుంది: రాష్‌లీ నుంచి బస్సు మీద లినెట్ వచ్చేదాకా లారీ ఆగుతుందా? ఆగకపోతే? ఒకసారి ఎత్తుకుపోయాక ఆ బండిని విడిపించుకోవడానికి ఎన్ని నెలలు, ఎన్ని ఫోన్లు, ఎంతమంది తీయటి గొంతు పిల్లలు? వచ్చే మంగళవారం గుట్ట మీద ఆ వ్యాను పిల్ల ముసలమ్మల తలలు కడుగుతూ ఉంటుంది. క్లైవ్‌కి రెండుసార్లు చేసింది. ఎత్తలేదు.

తెల్లటి వ్యాను వచ్చి కారు వెనక ఆగింది. దాని వెనకే మలుపులో ఒక లారీ ముక్కు కనిపించింది. అంతే, గేనర్ తలుపు తీసుకుని వీధిలో పడింది. ఫోను కిటికీ గట్టు మీదే ఉండిపోయింది.

నట్టాల్ ఇంకా వ్యాను దిగుతున్నాడు. "గుడ్ మార్నింగ్ మే..."

"రాష్‌లీ!" అంది గేనర్, రొప్పుతూ. "రాష్‌లీలో చాపెల్ రో. బయట టాక్సీ ఉంటుంది. అక్క పేరు షెర్లీ, బావ టెర్రీ. అక్కడుంది ఆవిడ. పగలు మార్కెట్టు టీ కొట్లో ఉంటుంది. నా కారు ముట్టుకోకండి."

లారీ వాళ్ళని దాటుకుని, సోఫాలూ బీరువాలూ కుదుపుకుంటూ వీధి చివరికి వెళ్ళిపోయింది. ఎవరో ఇల్లు మారుతున్నారు.

నట్టాల్ ఫోను తీసి బొటనవేలితో టకటకా కొట్టుకున్నాడు. "చాపెల్ రో... షెర్లీ... థాంక్స్ మేడమ్." ఫోను జేబులో పెట్టుకుని, తాళంచెవి తీసి, చక్రం దగ్గర మోకాలి మీద కూర్చున్నాడు. క్లాంప్ గట్టిగా కిర్రుమని విడిపోయింది.

"అంత కంగారు పడాల్సింది కాదు మీరు," అన్నాడు లేస్తూ. "దీన్ని తీసేద్దామనే వచ్చాను. మీ ఆయన నిన్న మధ్యాహ్నమే అన్నీ పంపించాడు. బిల్లు, చేతిరాత, ఆఖరికి మీరు కారు పక్కన నిలబడ్డ ఫొటో కూడా. పద్ధతైన మనిషిలాగే ఉన్నాడు."

గేనర్‌కి వెంటనే అర్థం కాలేదు. క్లైవ్, పద్ధతి, నిన్న మధ్యాహ్నం. ఆ మూడూ ఒక దగ్గరికి చేరడానికి కొంత సేపు పట్టింది.

"నిన్ననా? మరి నాకెవరూ చెప్పలేదేం?"

"సాయంత్రం మెసేజ్ వెళ్ళి ఉండాలే." అతను భుజాలెగరేశాడు. "మిస్ బార్‌ట్రమ్ పాత నంబరుకి పోయిందేమో. ఈ ఇంటికి మా దగ్గరున్నది అదే."

"అయితే... ఇప్పుడు నేను చెప్పింది కొట్టెయ్యండి. నాకు సరిగా తెలీదు. ఎవరో అన్నారంతే."

"ఎక్కించేశాను మేడమ్. ఎక్కించాక తీయడం నా చేతుల్లో ఉండదు."

"టాక్సీ ఆవిడది కాదు. ఆవిడ బావది. అప్పు మీద కొన్నది."

"అందరూ అలాగే అంటారు," అన్నాడు నట్టాల్, మొన్నటి గొంతుతోనే. కొత్త పిప్పరమెంటు బిళ్ళ విప్పి నోట్లో వేసుకుని, క్లాంప్ ఎత్తి వ్యాను వెనక పడేశాడు. "రాష్‌లీ నాకు దారిలోనే. మంచి రోజు మేడమ్."

లోపలికి పరుగెత్తి ఆల్ఫ్ కొట్టుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తాళాలు తీసుకుని కారెక్కింది. దారంతా ఎర్ర దీపాలే అడ్డం పడ్డాయి. మార్కెట్టు బయట గీతలున్న చోట ఆపకూడదని తెలిసీ ఆపి, చేపల నీళ్ళ మీద జారుకుంటూ చివరిదాకా నడిచింది. లినెట్ కప్పుల ట్రే ఎత్తుకుని వస్తోంది. గేనర్‌ని చూడగానే ట్రే బల్ల మీద పెట్టింది.

"లారీ వచ్చిందా? ఫోన్ వినపడలేదే. కుళాయి చప్పుడు..."

"వదిలేశారు. కారు వదిలేశారు."

"అమ్మయ్య!" లినెట్ మొహం ఒక్క క్షణం విచ్చుకుంది. తర్వాత ఆమె గేనర్ కళ్ళలోకి చూసింది. ఆ మొహం మీంచి వెలుగు మెల్లగా దిగిపోయింది.

"నేను చెప్పేశాను," అంది గేనర్. "లారీ అనుకున్నాను. తీరా అది... అతను అటే వెళ్ళాడు. ఇప్పుడే."

లినెట్ అరవలేదు. తిట్టలేదు. చేతులు తుడుచుకుని కౌంటరు మీది ఫోను తీసి నంబరు కొట్టింది. చాలాసేపు చెవి దగ్గర పట్టుకుని నిలబడింది. "నిద్రపోతుంటాడు," అంది, తనలో తాను. ఫోను పెట్టేసి, "ఆల్ఫ్, నేను పోవాలి," అని ఏప్రాన్‌తోనే బయటికి నడిచింది.

గేనర్ వెనకాలే వెళ్ళి కారు తలుపు తీసి పట్టుకుంది. "ఎక్కు. రెండు నిమిషాల్లో దింపుతాను. అతనికన్నా ముందే వెళ్ళొచ్చు."

లినెట్ ఆ తెరిచిన తలుపునీ, లోపలి సీటునీ చూసింది. "మీ పనికి ఆలస్యమవుతుందేమో, వెళ్ళండి," అంది. మిట్ట రోడ్డు వైపు తిరిగి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. గేనర్ కారు తిప్పుకుని పక్కనే నెమ్మదిగా పోనిచ్చింది, కిటికీ అద్దం దించి, "ఎక్కు లినెట్, దయచేసి ఎక్కు" అంటూ. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. చలిగాలిలో పొట్టి చేతుల జాకెట్టుతో, నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ ఆ మనిషి నిటారుగా ముందుకే చూస్తూ ఎక్కింది గానీ, ఒక్కసారీ ఇటు తల తిప్పలేదు.

*

మంగళవారం గేనర్ గుట్ట మీది ఆశ్రమంలో అందరి తలలూ దిద్దింది. డోనా బిస్కెట్లు పెట్టి టీ ఇచ్చింది. పదిహేడో నంబరు గుమ్మంలో ఎర్రక్షరాల కవర్లు ఆగిపోయాయి.

ఆ శనివారం ఐవీ రాలేదు, పై శనివారమూ రాలేదు. గోడ అవతల కెటిలు చప్పుడు వినపడింది, దగ్గు వినపడింది, రెండో గొంతు ఒకటి వినపడింది. ఆదివారం పొద్దున పాలసీసా తీసుకోవడానికి ఐవీ గుమ్మంలోకి వచ్చినప్పుడు గేనర్ చూసింది. ఆవిడ తల ఎవరో దిద్దారు. పాపిడి వంకరగా ఉంది, ఒక వైపు ఉంగరాలు పెద్దవీ ఒక వైపు చిన్నవీ. రోలర్లు పట్టడం రాని చెయ్యి.

"ఆంటీ! నిన్న ఎదురుచూశాను మీకోసం."

ఐవీ పాలసీసా రెండు చేతులా పట్టుకుని నిదానంగా తిరిగింది.

"మీకెందుకండీ శ్రమ," అంది. "తల సంగతి లినెట్ చూసుకుంటోంది."

 ఏడాదిగా 'పిల్లా' తప్ప ఇంకో పిలుపెరగని గొంతు అది.

"టెర్రీ ఆ రాత్రే దాని సంచి బయట పెట్టాడు. టాక్సీ ఇంకా వదల్లేదు వాళ్ళు. కాగితాలు చూస్తున్నారట. మీ కారు తొందరగా వదిలేశారు, మీ అదృష్టం." ఆవిడ గొంతులో కోపం లేదు. ఇరుగుపొరుగు మర్యాద మాత్రమే ఉంది. "ఇక్కడే ఉంటానని తనే వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పింది. రమ్మనండి. నా పాత సోఫా, విరిగిన గడియారం తీసుకుపొమ్మనండి. మీకు ఇంక ఏ ఇబ్బందీ ఉండదు."

"ఆంటీ, నేను కావాలని చెయ్యలేదు. ఆ రోజు మీ దగ్గరికి..."

"ఆ రోజు పర్మ్ బాగా కుదిరింది మిసెస్ ప్రాక్టర్," అంది ఐవీ. "డబ్బులివ్వడం మర్చిపోయాను. ఎంతో చెబితే లినెట్ చేత పంపిస్తాను."

లోపల్నించి లినెట్ గొంతు, "ఎవరూ, ఐవీ ఆంటీ?" అని అడిగింది.

"ఎవరూ కాదు. పక్కింటావిడ," అని ఐవీ లోపలికి జవాబిచ్చి, మళ్ళీ ఇటు తిరిగి కొంచెం తల వంచింది. "చలి లోపలికొస్తోంది. తలుపు వేసుకుంటానండీ."